మార్కుల జాబితాలో కనిపించని పేర్లు



ఏటా పదవ తరగతి ఫలితాలు వెలువడే రోజుల్లో తుక్కుగూడ చుట్టుపక్కల ఊళ్లలో ఒక దృశ్యం తప్పక కనిపిస్తుంది. శ్రీశైలం రోడ్డు పొడవునా, ఔటర్ రింగ్ రోడ్డు మలుపు దగ్గర, బడి గోడల మీద రంగురంగుల ఫ్లెక్సీలు వెలుస్తాయి. మంచి మార్కులు వచ్చిన పిల్లల ఫొటోలు, వాటి కింద మార్కులు, పైన బడి పేరు, ఒక మూలన యాజమాన్యం వారి నవ్వు ముఖం. చిన్న బడి అయితే ఫ్లెక్సీ కూడా చిన్నదే. ఇద్దరో ముగ్గురో పిల్లలుంటారు. వారి తల్లిదండ్రులు స్వీటు డబ్బా పట్టుకుని గుడికి వస్తారు. పూజ అయ్యాక గురువుల చేత దీవెన పొందుతారు. ఇదంతా సంతోషించవలసిన విషయమే. పల్లెబడి నుంచి ఒక బిడ్డ పైకి వచ్చిందంటే ఊరంతా తలెత్తుకున్నట్లే.

అయితే ఆ ఫ్లెక్సీలో ఎవరున్నారని కాక, ఎవరు లేరని మనం ఎప్పుడైనా చూశామా? ఈ వారం మన అధ్యయనం దీని గురించే.

మొదట మాట సంగతి చూద్దాం. 'కృతజ్ఞత' అనే పదాన్ని మనం ప్రార్థనలో రోజూ వాడతాం కాని దాన్ని విప్పి చూడం. 'కృతం' అంటే చేయబడినది. 'జ్ఞ' అంటే తెలిసినవాడు. తనకు చేయబడిన మేలును ఎరిగి ఉన్నవాడే కృతజ్ఞుడు. దీనికి విరుద్ధమైన మాట 'కృతఘ్నుడు'. అంటే చేసిన మేలును చంపినవాడు. మన పెద్దలు ఎంత గట్టి మాట పెట్టారో చూడండి! వారి లెక్కలో మేలును మరచిపోవడం చిన్న మతిమరుపు కాదు, ఒక విధమైన హత్య.

మన తెలంగాణ పల్లెల్లో ఇంకొక మాట ఉంది. మేలు మరచినవాణ్ణి "వానికి విశ్వాసం లేదు" అంటారు. గుడిలో విశ్వాసమంటే దేవుణ్ణి నమ్మడం. ఊళ్లో విశ్వాసమంటే తిన్న అన్నాన్ని మరువకపోవడం. ఇవి రెండు వేరు వేరు అర్థాలని చాలా కాలంగా అనుకుంటున్నాం. లూకా సువార్త 17వ అధ్యాయంలో పదిమంది కుష్ఠరోగుల ఘట్టం చదివితే మాత్రం రెండూ ఒకటేనని తోస్తుంది. పదిమందీ బాగుపడ్డారు. ఒక్కడే తిరిగి వచ్చి ప్రభువు పాదాల మీద పడ్డాడు. వాడు సమరీయుడు, పరాయివాడు. ఆ ఒక్కని విశ్వాసాన్నే ప్రభువు మెచ్చుకున్నారు. మన ఊరి భాషలో చెబితే, విశ్వాసం ఉన్నవాడే తిరిగి వచ్చాడు.

ఈ ఘట్టంలో మనం సాధారణంగా గమనించని విషయాలు రెండున్నాయి. మొదటిది, ఆ తొమ్మిదిమంది చట్టం ప్రకారం ఏ తప్పూ చేయలేదు. యాజకులకు కనపరచుకొమ్మని ప్రభువే పంపారు, వారు వెళ్లారు. వారు ఆజ్ఞను పాటించారు, అంతవరకే. తిరిగి వచ్చినవాడు ఏ ఆజ్ఞా అడగని పని చేశాడు. రెండవది మరీ ముఖ్యం. తొమ్మిదిమంది రానందుకు ప్రభువు బాధపడ్డారు గాని, వారికిచ్చిన స్వస్థతను వెనక్కి తీసుకోలేదు. ఈ రెండవ మాటను మనసులో ఉంచుకోండి. దీని అవసరం కాసేపట్లో వస్తుంది.

పదమూడవ శతాబ్దపు వేదపండితులు పునీత తోమాస్ అక్వీనాసు గారు తమ 'సుమ్మా' గ్రంథంలో కృతజ్ఞతకు మూడు మెట్లున్నాయన్నారు. పొందిన మేలును గుర్తించడం మొదటి మెట్టు. నోటితో మెచ్చుకుని కృతజ్ఞత చెప్పడం రెండవది. తగిన సమయంలో, తగిన చోట, తన శక్తికొద్దీ తిరిగి మేలు చేయడం మూడవది. మనలో చాలామంది మొదటి మెట్టు తొక్కకుండానే రెండవ మెట్టు మీదికి దూకుతాం. వీడ్కోలు సభలో ఒక శాలువా, ఒక పూలదండ, నాలుగు మాటలు, అంతటితో బాకీ తీరిందనుకుంటాం. మరీ తొందరపడి ప్రతిఫలం ఇచ్చేసేవాడు నిజానికి ఋణపడి ఉండటం ఇష్టం లేనివాడని సెనెకా అనే రోమా తత్వవేత్త హెచ్చరించాడు. అక్వీనాసు గారు ఆ మాటను గౌరవంతో స్వీకరించారు. మన శాలువాల సంగతి వారికెలా తెలిసిందో!

కనుక మొదటి మెట్టు దగ్గర కొంచెంసేపు ఆగుదాం. ఒక పల్లెబడి పిల్లవాడు పది పాసయ్యాడు. ఆ పాసు వెనక ఎవరెవరి చేతులున్నాయి?

ఉపాధ్యాయుడున్నాడు. సరే, ఆయనకు జీతం వస్తుంది. కాని గంట కొట్టిన తరువాత కూడా లెక్కలు రాని నలుగురిని కూర్చోబెట్టుకున్న సాయంకాలాలకు జీతం లేదు. మధ్యాహ్న భోజనం వండే అక్క ఉంది. ఆమెకు దక్కే గౌరవ వేతనం స్వల్పం, అది కూడా చాలాసార్లు నెలలు గడిచాక చేతికి వస్తుంది. అయినా ఏ బిడ్డ పొద్దున ఏమీ తినకుండా వచ్చిందో ఆమె కళ్లకు తెలుసు. ఆ బిడ్డ పళ్లెంలో ఇంకో గరిటె అన్నం పడుతుంది. తండ్రి ఉన్నాడు. ఈ ప్రాంతంలో ఒకనాడు చేనుచెలకల్లో పనిచేసిన కుటుంబాలే నేడు ఎక్కడో రాత్రి కాపలా కాస్తున్నాయి, కట్టే ఇళ్ల దగ్గర ఇటుకలు మోస్తున్నాయి. రాత్రంతా మేల్కొని వచ్చిన తండ్రి, కొడుకు పరీక్షకు వెళ్లేదాకా పడుకోలేదు.

ఇంకొకరున్నారు. ఈమెను గురించే ఈ వ్యాసం రాయాలనిపించింది. చాలా ఇళ్లలో తమ్ముని చదువు వెనక అక్క ఆగిపోయిన చదువు ఉంటుంది. అమ్మ కూలికి పోతే చిన్నవాళ్లను చూసుకోవడానికి ఒకరు కావాలి. ఇద్దరినీ చదివించే స్థోమత లేకపోతే ఒకరు ఆగాలి. ఆ ఒకరు ఎవరో మీకు తెలుసు. తమ్ముడు పాసైన రోజున స్వీటు డబ్బా ఇల్లిల్లూ పంచి వచ్చేది ఆ అక్కే. ఆమె ఫొటో ఏ ఫ్లెక్సీ మీదా పడదు. ఆమె కూడా దాన్ని కోరుకోదు. అందువల్లనే మనం మరచిపోవడం అంత తేలికైంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పకపోతే ఈ పాఠం మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. కృతజ్ఞత పేరుతో పేదవాణ్ణి వంచడం మన నేలలో పాత అలవాటు. "మీ నాయన నా ఉప్పు తిన్నడు" అని చెప్పి కొడుకును జీతానికి పెట్టుకున్న రోజులు మన పెద్దలకు గుర్తున్నాయి. ఆ పిల్లలకు బడి తెలియదు, పశువులు తెలుసు. ఈ రంగారెడ్డి జిల్లా గ్రామాల్లోనే 1991 నుంచి ఎం.వి. ఫౌండేషన్ వారు శాంతా సిన్హా గారి నాయకత్వంలో అటువంటి పిల్లలను పనిలోనుంచి బడిలోకి తెచ్చే కృషి మొదలుపెట్టారు. వయసు మీరిన పిల్లలను నేరుగా ఒకటవ తరగతిలో కూర్చోబెడితే సిగ్గుతో పారిపోతారు. అందుచేత వారికి శిబిరాలు పెట్టి, కొన్ని నెలల్లో వయసుకు తగిన తరగతికి చేరేలా తయారుచేశారు. పిల్లలను పనిలో పెట్టుకున్న ఆసాములతోనూ తగవుకు పోకుండా మాట్లాడి ఒప్పించారు. ఆమెకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది. ఈ కృషికి మూలమైన ఆలోచన ఒక్కటే: చదువు బిడ్డకు ఎవరో వేసే భిక్ష కాదు, బిడ్డ హక్కు.

తరువాత చట్టం కూడా అదే మాట చెప్పింది. వండిన భోజనం బడిలో పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆదేశించింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్య కల్పించే చట్టం 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. కాబట్టి బడిలో చోటు, పళ్లెంలో అన్నం ఇచ్చినందుకు ఏ బిడ్డా ఎవరి ముందూ చేతులు కట్టుకుని నిలబడనక్కరలేదు. చట్టం ప్రకారం చెల్లించవలసిన ఋణం వేరు, మనసుతో తీర్చుకునే ఋణం వేరు అని అక్వీనాసు గారు స్పష్టంగా విడదీశారు. అన్నం హక్కు. ఆ అక్క ఆప్యాయంగా వేసిన రెండో గరిటె హక్కు కాదు. కృతజ్ఞత ఆ రెండో గరిటెకు.

మన సంస్థల విషయంలో కూడా ఇదే మాట నిర్మొహమాటంగా చెప్పుకోవాలి. మన బడులలో, హాస్టళ్లలో చదివిన పిల్లలకు "మేము లేకపోతే మీరెక్కడ ఉండేవారు" అని గుర్తు చేసే నాలుకలు అక్కడక్కడ ఉన్నాయి. ఆ మాట విన్న బిడ్డ తల వంచుతుంది గాని మనసు మూసుకుంటుంది. ప్రభువు తొమ్మిదిమంది స్వస్థతను వెనక్కి తీసుకోలేదని పైన అనుకున్నాం. ఆయన చేసిన మేలుకు వెల కట్టలేదు. వెల కట్టిన మేలు అమ్మకం అవుతుంది.

తల్లిదండ్రులారా, మీతో కూడా ఒక మాట. ఫలితాలు బాగా రాని ఇంట్లో ఏం జరుగుతుందో నాకు తెలుసు. "కడుపు కట్టుకుని చదివిస్తిమి, నువ్వు గిట్ల చేస్తివి" అంటారు. మీ కష్టం నిజమే, మీ బాధ నిజమే. కాని ఆ మాటతో మీ త్యాగం బిడ్డ మెడకు బరువవుతుంది. 2019 ఏప్రిల్‌లో ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడినప్పుడు, మార్కుల నమోదులో పొరపాట్ల గురించి గొడవ జరుగుతుండగానే, కొద్ది రోజుల్లో మన రాష్ట్రంలో ఇరవై మంది దాకా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. అంత లేత ప్రాణాలు అప్పు తీర్చలేమని భయపడ్డాయి. బిడ్డ తప్పిన రోజు రాత్రి అన్నం మామూలుగా వడ్డించండి. సప్లిమెంటరీ సంగతి మర్నాడు మాట్లాడుకోవచ్చు.

ఇక మూడవ మెట్టు. తిరిగి మేలు చేయడమంటే ఇచ్చినవారికే ఇవ్వాలని లేదు. చాలాసార్లు అది సాధ్యం కూడా కాదు. ఇందుకు దూరం వెళ్లనక్కరలేదు, మన హైదరాబాదు అగ్రపీఠాన్నే చూడండి. 2021 జనవరిలో అగ్రపీఠాధిపతిగా బాధ్యత స్వీకరించిన పూల అంతోని గారు, 2022 ఆగస్టు 27న తెలుగువారిలో మొట్టమొదటి కార్డినల్ అయ్యారు. దళిత కుటుంబాల నుంచి వచ్చినవారిలోనూ ఆయనే మొదటి కార్డినల్. ఆ రోజుల్లో పత్రికలన్నీ ఎర్ర టోపీ ఫొటో వేశాయి. నన్ను ఆకట్టుకున్నది మాత్రం ఆయన స్వయంగా చెప్పుకున్న ఒక సంగతి. కర్నూలు మేత్రాసనంలోని పల్లెలో పుట్టిన ఆయన చదువు ఏడవ తరగతి తరువాత పేదరికం వల్ల ఆగిపోయింది. మిషనరీలు ఆయనను కడపకు తీసుకువెళ్లి చదివించారు.

ఆయన 1992లో గురువుగా అభిషిక్తులయ్యారు. 2008లో కర్నూలు పీఠాధిపతిగా నియమితులయ్యేనాటికి కడప మేత్రాసనంలో ఆయన చేస్తున్న పనులేమిటి? పేద పిల్లలకు, వృద్ధులకు సహాయం అందించే సంస్థ సమన్వయకర్త, మేత్రాసన విద్యా కార్యదర్శి, బడుల ఉప మేనేజరు. ఆగిపోయిన చదువును ఎవరో నిలబెట్టారు, ఆయన ఇతరుల చదువులను నిలబెట్టే కుర్చీలో కూర్చుని పనిచేశారు. ఆ మిషనరీలకు ఆయన ఎన్ని శాలువాలు కప్పారో నాకు తెలియదు. ఏడవ తరగతి దగ్గర ఆగిపోబోయే మరో బిడ్డ దగ్గరికి ఆ మేలు చేరింది. అక్వీనాసు గారు చెప్పిన తగిన సమయం, తగిన చోటు ఇదేనని నా అభిప్రాయం. రంగారెడ్డి గ్రామాల్లో కూడా పనిలోనుంచి బడికి వచ్చి చదువుకున్న యువకులు కొందరు తరువాత స్వచ్ఛంద కార్యకర్తలై, ఇంకా బడికి రాని పిల్లల ఇళ్ల తలుపులు తట్టారు.

మన దగ్గర దీనికి విరుద్ధంగా జరుగుతున్నదే ఎక్కువ. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, ఏరు దాటాక బోడి మల్లన్న. ఇంజనీరింగు చదివి గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తున్న మన విచారణ యువకులు సొంత ఊరి బడి గేటు లోపలికి వెళ్లి ఎన్నేళ్లయింది? డబ్బు అడగడం లేదు. నెలకు ఒక శనివారం, ఒక పూట, తొమ్మిదవ తరగతి పిల్లలతో లెక్కలు చేయించండి చాలు. తమ ఊరి నుంచే వెళ్లిన అన్న కళ్లెదుట నిలబడితే ఆ పిల్లలకు ఏ ఫ్లెక్సీ ఇవ్వని ధైర్యం వస్తుంది.

ఈ వారం కుటుంబ జపమాల తరువాత ఒక పని చేయండి. పరీక్ష పాసైన బిడ్డ చేతికి కాగితం, కలం ఇవ్వండి. తన చదువు వెనక ఉన్న చేతుల పేర్లు తానే రాయాలి, పెద్దలు అందించకూడదు. వండిన అక్క పేరు తెలియకపోతే మర్నాడు బడికి వెళ్లి అడిగి రావాలి. ఆదివారం దివ్యపూజలో కానుకల సమయాన ఆ కాగితాన్ని పీఠం దగ్గర పెట్టవచ్చు. దివ్యపూజకు గ్రీకు భాషలో ఉన్న 'యూకరిస్ట్' అనే పేరుకు అర్థమే కృతజ్ఞతాస్తుతి కదా.

ఆ జాబితాలో చదువు మానేసిన అక్క పేరుంటే, తమ్ముడు చేయగలిగిన పని ఒకటుంది. తెలంగాణ ఓపెన్ స్కూల్ ద్వారా పద్నాలుగేళ్లు నిండినవారెవరైనా పదవ తరగతికి పేరు నమోదు చేసుకోవచ్చు. గరిష్ఠ వయసు లేదు, పెళ్లయినా అడ్డు లేదు. దగ్గరి కేంద్రం ఎక్కడో ప్రభుత్వ ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుణ్ణి అడిగితే చెబుతారు. ఫారం నింపడం తమ్మునికి వచ్చు. పాత పుస్తకాలు ఇంట్లోనే ఉన్నాయి, ఇంకా అమ్మేయలేదు గదా.