గ్రీకుల పెరుగుపచ్చడి

గ్రీకు దేశమునందు జాజీకి యను పచ్చడి యొకటి కలదు. గట్టి పెరుగు, దోసకాయ, వెల్లుల్లి, ఆలివునూనె, ఉప్పు, కొంచెము పులుపు, ఇంతియే దాని సామగ్రి. పొరుగున నున్న తురుష్కదేశమువారు ఇట్టిదానినే పలుచగా జేసి జాజిక్ అందురు; గ్రీకు పేరు ఆ పేరునుండియే వచ్చినది. కన్నడిగుల మొసరుబజ్జియు, మన పెరుగుపచ్చడియు దీనికి దాయాదులు. పొయ్యి వెలిగింప నక్కఱలేదు గనుక చిన్నవారును చేయవచ్చును. అయినను మొదటిసారి చేసినవారిలో పెక్కుమంది గంట గడచిన పిమ్మట గిన్నె చూచి చిన్నబుచ్చుకొందురు. పచ్చడి యంతయు నీరుగారి యుండును. ఆ నీ రెక్కడనుండి వచ్చినదో తెలిసికొనుటయే ఈ పాఠము.

ముందుగా పేరు సంగతి చెప్పవలసి యున్నది. మన యూరి బాలబాలికలు ఇంట తెలుగును, వీథిలో కన్నడమును పలుకుచుందురు. దోసకాయ తెమ్మని అవ్వ చెప్పినచో మనుమడు పచ్చని పొడుగుకాయను తెచ్చును. అవ్వ కోరినది పప్పులో వేయు పసుపువన్నె గుండ్రనికాయ! తప్పు ఇరువురిదియు కాదు. తెలుగునాట ఉత్త దోసకాయ యన్న పసుపుకాయయే. అది శాస్త్రరీత్యా ఖర్బూజా జాతికి జెందినది. గ్రీకుల పచ్చడికి కావలసినది కీరదోసకాయ, అనగా కన్నడిగుల సౌతెకాయి. ఈ కీర పుట్టినిల్లు హిమాలయపు దిగువ ప్రాంతములు. మన దేశపు కాయయే గ్రీకుల విందులకు వెళ్లినదన్నమాట. మీరు రెండు మాటలను నేర్వుడు. ఒకదానికొఱకు మఱియొకదానిని విడువవలదు.

కాయను కోయగనే తొడిమవైపు ముక్కను నాలుకకు తాకించి చూడవలెను. చేదుగా నున్నచో ఆ కాయను పారవేయుడు. కుకర్బిటాసిన్ అను పదార్థము ఆ చేదునకు కారణము. అది మిక్కుటమైనచో వాంతులు, విరేచనములు కలుగును. నీరు చాలక వాడిన తీగెల కాయలలో ఈ చేదు హెచ్చు. చివర కోసి నురుగు వచ్చువఱకు రుద్దినచో విషము పోవునని పెద్దలందురు గాని, మేము దానిని నమ్మి పిల్లలకు పెట్టము. ఈ యూరివారికి ఇంకొక జాగ్రత్త. పూర్వము పొలములకు ఆధారమైన మన వర్తూరు చెరువులోనికి నగరపు మురుగునీరు చేరి, 2015 నాటికి నురుగు రోడ్డుమీదికి పొరలినది. ఏ కాయ ఏ నీట పెరిగినదో అంగడిలో చెప్పగలవా రెవ్వరు? పచ్చిగా తినునట్టిది గనుక మంచినీట చక్కగా కడిగి, తొక్క తీసి వాడుడు.

ఇక నీటి మాట. కీరలో నూటికి 95 పాళ్లు నీరే. ఉప్పు తగిలినంతనే ఆ నీరు పలుచని కణపు పొరలను దాటి ఉప్పు హెచ్చుగా నున్న వైపునకు వచ్చును. దీనిని ద్రవాభిసరణ మందురు. మా పాఠశాలలో 8వ తరగతివారిచేత రెండు పళ్లెములలో కీర చక్రములను పెట్టించి, ఒకదానిపై మాత్రమే ఉప్పు చల్లించితిమి. అరగంటలో ఉప్పు పళ్లెము చెమ్మగిల్లి, పిదప నీరు నిలిచినది. మీ యమ్మలకు ఇది క్రొత్త గాదు. మాగాయకు మామిడి ముక్కలను ఉప్పులో నూరబెట్టి, పిండి, ఎండబెట్టుట ఇదియే గదా. కోసంబరిలో వడ్డించు వేళకే ఉప్పు వేయుటకును కారణ మిదియే.

కావున రెండు కీరలను తురిమి, అర చెంచా ఉప్పు కలిపి అరగంట యుంచి, గుప్పిట గట్టిగా పిండవలెను. పెరుగునకును ఇదే న్యాయము. పాలు పులిసినపుడు వాని మాంసకృత్తులు వలవలె అల్లుకొని నీటిని పట్టియుంచును; ఆ వల కదలినచో తేట ఊరును. అర కిలో పెరుగును పలుచని నూలుగుడ్డలో మూటగట్టి నాలుగు గంటలు వ్రేలాడదీయుడు. ఎండకాలమున పులియును గనుక జల్లెడలో నుంచి, క్రింద గిన్నె పెట్టి, ఫ్రిజ్జిలో ఉంచుట మేలు. ప్యాకెట్టు పెరుగైనను పనికివచ్చును. మాకు మాత్రము ఇంట తోడువేసిన గేదెపాల పెరుగే ఇష్టము.

పిండిన తురుమును ఆ గట్టి పెరుగులో కలిపి, నూరిన వెల్లుల్లి రెబ్బలు రెండు, నిమ్మరసము ఒక చెంచా, ఆలివునూనె రెండు చెంచాలు చేర్పుడు. ఆ నూనె ప్రియము. వేరుసెనగ నూనెతో రుచి మారును గాని పచ్చడి చెడదు. రుచి చూడక మరల ఉప్పు వేయరాదు. తాలింపు వలదు, ఆవాలు, ఇంగువ పడినచో అది మన పెరుగుపచ్చడి యగును. గ్రీకులు పుదీనానో, సన్నని యీనెలవంటి ఒక ఆకునో తరిగి వేయుదురు. ఆ రెండవ ఆకు ఎక్కడిదని వెదకవలదు. అది మన వీథిలో కట్టలుగా అమ్ము సబ్బసిగె సొప్పే, తెలుగున సోయకూర.

వెల్లుల్లి ఘాటు మఱునాటికి హెచ్చును గనుక చిన్న పిల్లలున్న యింట ఒక్క రెబ్బ చాలును. చపాతీతోను, జొన్నరొట్టెతోను బాగుండును. గుడ్డనుండి కారిన తేటను పారబోయక ఆ చపాతీ పిండిలోనే పోసి కలుపుడు. రొట్టె మెత్తగా వచ్చును.