పొలం పని తగ్గింది, కంచంలో అన్నం తగ్గలేదు: పల్లె ఇంట్లో లివర్‌ను కాపాడుకునే చిట్కాలు

ఫ్యాటీ లివర్ అంటే పట్నంలో కుర్చీలో కూర్చుని పనిచేసేవాళ్ల జబ్బని పల్లెల్లో చాలామంది అనుకుంటారు. కానీ పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూమ్ జిల్లా పల్లెల్లో 1,911 మంది పెద్దవాళ్లను పరీక్షించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో నూటికి దాదాపు తొమ్మిది మందికి కాలేయంలో కొవ్వు కనిపించింది. వాళ్లలో ముప్పావు వంతు మంది లావుగా ఉన్నవాళ్లు కానే కాదు. మన ఊళ్లలో చూడండి. దుక్కి ట్రాక్టర్ దున్నుతోంది, వరి హార్వెస్టర్ కోస్తోంది, కలుపు మందుకే పోతోంది, చేను దాకా బండి మీదే వెళ్తున్నాం. నాగలి పట్టిన తాత తిన్నంత అన్నమే మనవడూ తింటున్నాడు. ఒంట్లో ఖర్చుకాని పిండిపదార్థాన్ని కాలేయం కొవ్వుగా మార్చి కొంత తనలోనే దాచుకుంటుంది. అందుకే ఈ చిట్కాల్లో కంచం మాటే ఎక్కువగా వస్తుంది.

1. ముందు పురికొసతో కొలుచుకోండి. మీ ఎత్తంత పురికొస తీసుకుని సగానికి మడవండి. ఆ సగం మీ నడుము చుట్టూ తిరిగి రాకపోతే పొట్టలో కొవ్వు ఎక్కువున్నట్టే. టేపు ఉంటే మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, అంటే సుమారు ముప్పై ఐదున్నర అంగుళాలు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, ముప్పై ఒకటిన్నర అంగుళాలు హద్దు. ప్యాంటు సైజును నమ్మకండి, చాలామంది దాన్ని పొట్ట కిందికి కట్టుకుంటారు. చేతులూ కాళ్లూ సన్నగా ఉండి పొట్ట ఒక్కటే ముందుకొచ్చినవాళ్లు ఇది తప్పక చూసుకోవాలి. మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా మారితే అది మురికి కాదు, ఎంత రుద్దినా పోదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి అది గుర్తు కావచ్చు.

2. ఐదు అంకెలు ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి: నడుము, బీపీ, పరగడుపు షుగర్, ట్రైగ్లిజరైడ్లు, మంచి కొలెస్ట్రాల్. బీపీ 130/85కి, షుగర్ 100కి, ట్రైగ్లిజరైడ్లు 150కి చేరినా, మంచి కొలెస్ట్రాల్ మగవాళ్లలో 40 కన్నా, ఆడవాళ్లలో 50 కన్నా తగ్గినా లెక్కలోకి వస్తుంది. ఐదింటిలో మూడు హద్దు దాటితే దాన్నే డాక్టర్లు మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. ముప్పై ఏళ్లు దాటినవాళ్ల నడుము, బీపీ, షుగర్ చూడటం జాతీయ ఆరోగ్య కార్యక్రమం కింద ఆశా కార్యకర్త, ఏఎన్ఎంల పనిలో భాగం. 2021 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ఫ్యాటీ లివర్‌ను కూడా అదే జాతీయ కార్యక్రమంలో చేర్చింది. ఆశా, ఏఎన్ఎంలు ఇంటికి వచ్చినప్పుడు "మాకేం లేదమ్మా" అని పంపేయకండి. పని మానుకునైనా చూపించుకోండి.

3. అన్నం మానొద్దు, వడ్డన మార్చండి. ముందు కూర, పప్పు వేసుకుని, మిగిలిన చోటే అన్నం పెట్టుకోండి. కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలన్నది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే మాట. మన ఇళ్లలో కొండంత అన్నం, అంచున కాస్త పచ్చడి, చివర మజ్జిగ. ఇందులో కండకు కావలసిన మాంసకృత్తులు చాలా తక్కువ. రోజూ రెండు పూటలా గుప్పెడేసి పప్పో, ఉలవలో, అలసందలో, శనగలో పడాలి. గుడ్డు, చేప తినేవాళ్లు మొహమాటం లేకుండా తినవచ్చు. పెరట్లో తోటకూర, గోంగూర, మునగాకు, పాదు మీద బీర, సొర ఉంటే ఈ మార్పుకు పెద్ద ఖర్చు కూడా ఉండదు. షుగర్ మాత్రలో, ఇన్సులినో వాడేవాళ్లు మాత్రం అన్నం ఒక్కసారిగా సగానికి తగ్గించకండి, షుగర్ పడిపోతుంది. డాక్టరుకు చెప్పి మందు మోతాదు సరిచేయించుకోండి.

4. సంగటి, జొన్నరొట్టె, కొర్రన్నం మంచివే. పీచు ఎక్కువ, ఆకలి త్వరగా వేయదు. కానీ అవీ పిండిపదార్థాలే. రెండు పెద్ద ముద్దల సంగటి తిని "నేను అన్నం ముట్టను" అంటే కాలేయానికి ఒరిగేది లేదు.

5. రోజుకు ఎన్ని టీలు తాగుతున్నారో లెక్కపెట్టండి. పొద్దున లేవగానే ఒకటి, చేను దగ్గర ఒకటి, హోటల్ బెంచీ మీద రెండు, సాయంత్రం చుట్టాలొస్తే ఇంకోటి. టీకి రెండు చెంచాల చక్కెర అనుకున్నా రోజుకు యాభై గ్రాముల దాకా అవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 25 గ్రాములు దాటకపోవడమే మంచిదంటోంది. పావు లీటరు కూల్‌డ్రింక్ సీసా ఒక్కదానితోనే ఆ కోటా దాటిపోతుంది. చక్కెరలో సగం ఫ్రక్టోజే, దాన్ని ఎక్కువగా కొవ్వుగా మార్చేది కాలేయమే. బెల్లం వేసినా లెక్క మారదు. టీలు మూడుకు దించండి, చెంచా సగం చేయండి, ఎండలో దాహానికి ఉప్పు తక్కువ వేసిన మజ్జిగ తాగండి.

6. నూనె: నలుగురున్న ఇంట్లో నెలకు రెండున్నర లీటర్లు చాలు. బజ్జీలు వేయించిన నూనెను మళ్లీ మళ్లీ మరిగించి కూరకు వాడకండి.

7. ఇంటి ఆడవాళ్ల కంచం కూడా చూడండి. అందరూ తిన్నాక చివర కూర్చునే ఆవిడకు మిగిలేది అడుగు అన్నం, ఇంత పచ్చడి. గుడ్డు, పప్పు, కూర అప్పటికే అయిపోయి ఉంటాయి. కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చినవాళ్లకు, నెలసరి ఆగినవాళ్లకు, పీసీఓడీ ఉన్నవాళ్లకు కాలేయంలో కొవ్వు చేరే అవకాశం మరీ ఎక్కువ. ఆవిడకు వేరే పథ్యం వండనక్కర్లేదు. వండినదాన్ని అందరికీ సమానంగా ముందే తీసిపెడితే చాలు. ఇది నాకు ఈ జాబితాలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట.

8. పని లేని నెలల్లో నడవండి. నాట్లప్పుడు, కోతలప్పుడు ఒళ్లు వంగే మనిషి ఆ తర్వాత రెండు మూడు నెలలు అరుగు మీదే ఉంటాడు. వారానికి 150 నిమిషాలు చెమట పట్టేలా నడవడం కనీస లెక్క, అంటే వారంలో ఐదు రోజులు అరగంట చొప్పున. రాత్రి భోజనం ఏడున్నర, ఎనిమిదికి ముగించి పావుగంట ఊరి వీధిలో తిరిగి రండి. తిన్న వెంటనే టీవీ ముందు వాలిపోయే అలవాటు కన్నా అది ఎంతో మేలు. బరువులెత్తే పని చేతనైతే మానకండి, కండ ఉన్న ఒళ్లు చక్కెరను బాగా వాడుకుంటుంది.

9. తాగుడు విషయం ఇంట్లో మాట్లాడండి. బెల్ట్ షాపు గల్లీలోనే ఉన్నప్పుడు ఇది కష్టమే, అయినా లెక్క తెలియాలి. ఒక క్వార్టర్, అంటే 180 మిల్లీలీటర్ల విస్కీలో దాదాపు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. మగవాళ్లలో రోజుకు 30 గ్రాములు, ఆడవాళ్లలో 20 గ్రాములు దాటితేనే కాలేయం దెబ్బకు మందు కూడా కారణమని డాక్టర్లు లెక్కిస్తారు. రోజూ క్వార్టర్ వేసేవాళ్లు దానికి రెట్టింపులో ఉన్నారు. "నేను బీరే తాగుతాను" అన్నా ఊరట లేదు, పెద్ద సీసా స్ట్రాంగ్ బీరులో 35 గ్రాములకు పైనే ఉంటుంది. షుగర్, పొట్ట, మందు మూడూ కలిసినచోట కాలేయం గట్టిపడటం వేగంగా సాగుతుంది. లివర్‌లో కొవ్వు ఉందని తేలినవాళ్లకు పూర్తిగా మానడమే మార్గం. ఒక జాగ్రత్త మాత్రం గుర్తుంచుకోండి. ఏళ్లుగా రోజూ తాగేవాళ్లు, అల్ప్రాజోలం లాంటివి కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడ్డవాళ్లు ఉన్నట్టుండి ఆపేస్తే వణుకు, ఫిట్స్, పిచ్చిమాటలు రావచ్చు. అలాంటివాళ్లను ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లి అక్కడ మాన్పించాలి. మానాలనుకున్న మనిషిని ఎగతాళి చేయకండి.

10. ఒళ్లు నొప్పుల పొట్లం విప్పి చూడండి. కీళ్లనొప్పులకు ఊళ్లో ఇచ్చే రంగురంగుల మాత్రల్లో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది. వేసిన పూటకే నొప్పి పోతుంది, నెలలు గడిచేసరికి షుగర్, పొట్ట, కాలేయంలో కొవ్వు పెరుగుతాయి. నెలల తరబడి వాడుతున్నవాళ్లు తమంతట తాము ఆపకూడదు, పెద్ద డాక్టరుకు ఆ మాత్రలే చూపించి మెల్లగా తగ్గించుకోవాలి. పచ్చకామెర్లకు పసరు తాగించడం కూడా ఇలాంటిదే. నీటి వల్ల వచ్చే కామెర్లు చాలావరకు విశ్రాంతితో వాటంతటవే తగ్గుతాయి, పేరు మాత్రం పసరుకు వస్తుంది. అసలు కారణం వేరైతే విలువైన వారాలు పోతాయి. కరోనా కాలంలో తిప్పతీగ కషాయం రోజూ తాగి కాలేయం దెబ్బతిన్నవాళ్లను మన దేశ డాక్టర్లే గుర్తించి రాశారు. చెట్టు నుంచి వచ్చిందంటే హాని చేయదని కాదు. కొలెస్ట్రాల్‌కు డాక్టరు రాసిన స్టాటిన్ మాత్రను "లివర్ బాగోలేదు కదా" అని మీ అంతట మీరు మానకండి. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లు కూడా దాన్ని వాడవచ్చు, గుండెకు అది అవసరం.

11. స్కానింగ్ కాగితం మీద "గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్" అని ఉంటే భయపడనూ వద్దు, బీరువాలో దాచనూ వద్దు. తేలాల్సింది కాలేయం గట్టిపడిందా లేదా అన్నది. దానికి మామూలు రక్తపరీక్షలతోనే ఒక లెక్క ఉంది, పేరు ఫిబ్-4. వయసును లివర్ రక్తపరీక్షలో వచ్చే ఎస్‌జీఓటీతో గుణించండి. ప్లేట్‌లెట్లను వేలల్లో తీసుకుని ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. యాభై ఏళ్ల మనిషికి ఎస్‌జీఓటీ 40, ఎస్‌జీపీటీ 50, ప్లేట్‌లెట్లు 2 లక్షలు ఉంటే 1.41 వస్తుంది. 1.3 లోపుంటే ప్రస్తుతానికి ఫర్వాలేదు. అరవై ఐదు దాటినవాళ్లకు ఈ హద్దు 2. దాటితే కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ అవసరమేమో డాక్టరును అడగండి. ఇంట్లో చదువుకున్న పిల్లలు ఫోన్‌లో నిమిషంలో చేసిపెడతారు. ఎస్‌జీపీటీ మామూలుగా ఉన్నంత మాత్రాన కాలేయం బాగున్నట్టు కాదని కూడా గుర్తుపెట్టుకోండి.

12. బరువు మెల్లగా దించండి. 70 కిలోల మనిషి మూడున్నర కిలోలు తగ్గితే కాలేయంలో కొవ్వు కరగడం మొదలవుతుంది, ఐదు నుంచి ఏడు కిలోలు తగ్గితే వాపు కూడా దిగుతుంది. సన్నగా ఉన్నవాళ్లకు రెండు మూడు కిలోలు తగ్గినా ఫలితం కనిపించవచ్చు. కటిక ఉపవాసాలతో నెలలో పది కిలోలు తగ్గాలని చూడకండి, అది కాలేయానికే చేటు.

13. హెపటైటిస్ బి, సి పరీక్ష ఒక్కసారైనా చేయించుకోండి. పాత సూదులు, పచ్చబొట్లు, రక్తం ఎక్కించుకోవడం వల్ల వచ్చి ఉండవచ్చు. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద పరీక్ష, మందులు ఉచితం.

14. ఈ గుర్తులు కనిపిస్తే మర్నాటి దాకా ఆగొద్దు: రక్తపు వాంతి, తారులా నల్లటి విరేచనం, కళ్లు పచ్చబడి పొట్ట నీరు పట్టి ఉబ్బడం, పగలంతా నిద్రపోయి రాత్రంతా మేలుకుని పొంతన లేకుండా మాట్లాడటం. నిద్రమాత్ర, నొప్పిమాత్ర ఏదీ వేయకుండా 108కి ఫోన్ చేయండి. పాత రిపోర్టులన్నీ సంచిలో వేసుకుని, ఆ మనిషి రోజూ ఏం తాగుతాడో, ఏ మాత్రలు వేసుకుంటాడో తెలిసిన వాళ్లొకరు వెంట వెళ్లండి.