కోడింగ్ కోసం ఐటీఐ మానేయాలా?

ప్రశ్న: ప్రభుత్వ ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ మొదటి ఏడాది చదువుతున్నాను. మాదాపూర్‌లో ఉండే స్నేహితులు ఇది వదిలేసి కోడింగ్ నేర్చుకోమంటున్నారు. ఏం చేయాలి?
– ఒక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: మానేయకండి. మీ స్నేహితులు చూస్తున్నది అద్దాల మేడల్ని, వాటిని నడిపే పనిని కాదు. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పటి నుంచీ మాదాపూర్ ఐటీ కారిడార్‌కు ప్రాణం కరెంటే. అది పోతే జనరేటర్ అందుకునేదాకా యూపీఎస్ బ్యాటరీలే సర్వర్లను నిలబెట్టాలి. ప్యానెల్ బోర్డులో ఒక్క కనెక్షన్ వదులై వేడెక్కినా అంతస్తు మొత్తం ఆగిపోవచ్చు. వీటిని చూసుకునే ఎలక్ట్రీషియన్ పని ఇంట్లో కూర్చుని చేసేది కాదు.

మొదట్లో జీతం తక్కువ, పైగా కాంట్రాక్టర్ కింద షిఫ్టులు అంటారా? నిజమే. అందుకే ఒట్టి సర్టిఫికెట్‌తో ఆగకూడదు. హాజరు 80 శాతానికి తగ్గితే ట్రేడ్ పరీక్షకే చిక్కు, ముందు అది చూసుకోండి. వర్క్‌షాప్‌లో మోటార్ స్టార్టర్ వైరింగును చూసి ఊరుకోకుండా మీ చేత్తో విప్పి మళ్లీ బిగించండి. కోర్సయ్యాక అప్రెంటిస్‌గా చేరితే స్టైపెండుతో పాటు అనుభవమూ వస్తుంది. పై చదువు కావాలంటే ఎల్‌పీసెట్ ప్రవేశ పరీక్ష రాసి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలోకి వెళ్లొచ్చు. కోడింగ్ సాయంత్రాలు నేర్చుకోండి, ఎవరొద్దన్నారు? పెద్ద భవనాల ఏసీలు, లైట్లు ఇప్పుడు కంప్యూటర్ తెర మీద నుంచే నడుస్తున్నాయి. ఉద్యోగం గ్యారంటీ అంటూ ముందే ఫీజంతా అడిగేవాళ్లతో మాత్రం జాగ్రత్త.

హాజరు తగ్గినా, డబ్బుకు ఇబ్బందైనా వెంటనే ప్రిన్సిపాల్‌ను కలవండి. దిగులుతో వారాల తరబడి నిద్ర పట్టకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి.