పిల్లికూనకు నడుము, కాళ్ళు పట్టుతప్పుట

ఈ పత్రికయందు ఎడ్ల గాలికుంటును గూర్చియు, గేదెల పొదుగువాపును గూర్చియు పలుమాఱు వ్రాసియున్నాము. ఈ మాసము పిల్లిని గూర్చి వ్రాయబూనితిమని విని సంఘ కార్యాలయమున నొక పెద్దరైతు "పిల్లికి కూడా పాఠమాండీ?" అని నవ్విరి. నవ్వదగినదే. అయినను వడ్లు గాదె చేరిన పిమ్మట వానికి కాపుండునది ఎద్దు కాదు, గేదె కాదు. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో పూర్తియై కాలువలు పాఱిన నాటినుండి మన డెల్టాలో వరి పెరిగినది. వరి వెంట ఎలుకకును మేత కొఱతపడలేదు. పందికొక్కును సైతము పిల్లి పట్టునని కొందఱందురు గాని మేము నమ్మము. బలిసిన పందికొక్కు ఎదురైనపుడు పిల్లియే తప్పుకొని పోవుట చూచినాము. దానికి బోను పెట్టవలసినదే. ఇంటి ఎలుక, చిట్టెలుక మాత్రము పిల్లి పాలివి. నడుము పడిపోయిన పిల్లి వానిని పట్టజాలదు. అంతియే కాదు, నోరులేని ప్రాణి మన యింట మన చేతి తిండి తిని బాధపడుచుండగా చూచి ఊరకుండుట తగదు.

రెండేండ్ల క్రిందట మేము తిరుగుచుండు సామర్లకోట పరిసర గ్రామములలో నొకదాని సంఘపు గిడ్డంగికి రెండు నెలల మగ పిల్లికూనను తెచ్చిరి. విత్తనపు బస్తాలను ఎలుకలు అడుగుభాగమున కొఱికి పెట్టుచుండుటయే కారణము. కావలివాని భార్య దానికి పాలన్నము కలిపి పెట్టుచుండగా మేము చూచి, "పిల్లి మాంసము తిను జంతువు, అన్నముతో దానికి బలము రాదు, మాంసము పెట్టుము" అని పెద్దతనముగా చెప్పి వచ్చితిమి. ఆమె ఆ మాటను శ్రద్ధగా పట్టుకొని, మాంసపు కొట్టునుండి కార్జమును, ఎముకలేని మెత్తని ముక్కలను తెచ్చి రెండు పూటల పెట్టెను. కూన నున్నని బొచ్చుతో మెఱయుచు పెరిగెను. చూచినవారందఱు మెచ్చుకొనిరి.

అయిదవ నెలలో అది బస్తాలమీదికి దుముకుట మానెను. సోమరితనమనిరి. తరువాత పిల్లలు ఎత్తుకొనబోయినచో బుసకొట్టుట మొదలుపెట్టెను. పొగరనిరి. ఒకనాడు మూరెడెత్తు పీటమీదనుండి దిగి, వెనుకకాళ్ళు ఈడ్చుకొనుచు మూలకు పోయి కూర్చుండెను. దిష్టి యని ఒకరు, వాతమని ఒకరు చెప్పగా, ఎవరో వెచ్చని నూనె రాచి కాళ్ళు సాగలాగిరి. కూన కెవ్వున అఱచెను. మఱునాడు లేవనే లేదు.

కబురంది మేము పోయి దానిని పశువైద్యుని యొద్దకు చేర్చితిమి. ఎక్స్‌రే పటమున ఎముకల నీడ మాంసపు నీడకంటె ఏమంత తెల్లగా లేదు. తొడ యెముక లేతకొమ్మవలె వంగి చిట్లియుండెను. కటి యెముకలు రెండు ప్రక్కలనుండియు లోనికి నొక్కుకొనియుండెను. వైద్యుడు, "దీనికేమి పెట్టుచున్నారు?" అని అడిగెను. కావలివాని భార్య మావైపు చూచి, "ఈ బాబుగారు చెప్పినట్టే పెడుతున్నానండి, ఒక్క పూటయినా మానలేదండి" అనెను. మాకు తల యెత్తుటకు సిగ్గయ్యెను.

సంగతి యేమనగా, పిల్లి మాంసాహారి యనుట నిజమే. కాని అడవిలోని పిల్లి ఎలుకను ఎముకతో సహా తినును. మనము ఎముక తీసివేసి మాంసము మాత్రమే పెట్టుదుము. ఎముకకు సున్నపు సారము, అనగా కాల్షియము, ముఖ్యము. దానికి జతగా నుండునది భాస్వరము. పెరుగు కూనకు ఈ రెండును ఇంచుమించు సమముగా అందవలెను. ఎముకలేని మాంసమున కాల్షియము ఒక పాలుండగా భాస్వరము పదునైదు ఇరువది పాళ్ళుండును. కార్జమున ఏబది పాళ్ళ వఱకును పోవును. రక్తమున కాల్షియము తగ్గగానే మెడయందలి చిన్న గ్రంథులు మేల్కొని, ఎముకలనుండి దానిని తోడి రక్తమునకు పోయును. కూన పైకి బలిసియుండును, ఎముక లోన గుల్లయగును. చెఱకున ఎఱ్ఱకుళ్ళు ఎఱిగిన మన రైతులకు ఇది క్రొత్త కాదు. ఆ తెగులును శోధించుటకే సామర్లకోటలో 1902లో చెఱకు క్షేత్రము వెలసినది. గడ పైకి పచ్చగా నిలిచియుండగనే చీల్చి చూచినచో లోపల ఎఱ్ఱబడియుండును గదా! ఒకప్పుడు వైద్యులు సయితము ఈ పిల్లి జబ్బును పుట్టుకతో వచ్చిన ఎముకల లోపమని భ్రమపడిరి. దోషము తిండిలో నున్నదని తరువాత తేలినది.

కావున చూపు ముందుగా కావలెను. కూన నిద్రలేచి ఒడలు విఱుచుకొనునపుడు, మెట్టుగాని పీటగాని ఎక్కునపుడు, మూత్రమునకు కూర్చుండునపుడు, ఈ మూడు వేళల గమనించినచో చాల సంగతులు తెలియును. దుముకబోయి ఆగి వెనుదిరుగుట, రెండు వెనుకకాళ్ళతో కుందేలువలె గెంతుట, వీపు మధ్య పల్లమగుట లేక గూని కట్టుట, నడుముమీద చేయి వేయగానే చర్మము జలదరించి తిరిగి చూచుట, వెనుకటివలె వీపును నాకి శుభ్రము చేసికొనకపోవుట, ఇవి గుర్తులు. పిల్లి నొప్పిని దాచు జంతువు. కుక్కవలె కుంటుచు మనయొద్దకు వచ్చి చూపదు. చీకటి మూలకు పోయి కదలక కూర్చున్న కూన విశ్రాంతి గైకొనుచున్నదని తలపరాదు.

అన్ని కుంటులకును తిండియే కారణము కాదు. అటకమీదనుండియు, దూలముమీదనుండియు పడుట మన యిండ్లలో సామాన్యము. పిల్లి ఎట్లు పడినను కాళ్ళమీదనే పడును, దానికేమియు కాదు అను మాట సగమే నిజము. 1987లో న్యూయార్కు పశువైద్యులు ఎత్తయిన మేడలనుండి పడిన 132 పిల్లులను గూర్చి ప్రకటించిరి. వానిలో నూటికి తొంబది బ్రతికినవి గాని, చాలవాటికి ఱొమ్ములోపల దెబ్బ తగిలియుండెను. కాబట్టి పడిన కూనకు కాలు చూచుటకు ముందు ఊపిరి చూడవలెను. నెమ్మదిగానున్న పిల్లి నిమిషమునకు ఇరువది ముప్పది సార్లు ఊపిరి తీయును. నోరు తెఱచి రొప్పుచున్నచో కాలి సంగతి తరువాత.

రెండు మూడు దినముల క్రిందట పోట్లాడిన మగపిల్లికి ఒక కాలు వాచి, వేడిగానుండి, తాకనీయకున్నచో అది కాటు చీము పట్టుట; చీము తీసి మందు వేయగా త్వరలో నయమగును. పుట్టిననాటినుండి తూలుచు, తినబోవునపుడు తల ఊగుచున్న కూనకు తల్లి కడుపులో నుండగా తెగులు సోకి మెదడు వెనుకభాగము పెరుగక పోయినదని అర్థము. అది నయము కాదు, ముదురదు. నేలమీద తిరుగనిచ్చినచో సుఖముగనే బ్రతుకును. ఉన్నట్టుండి అఱచి రెండు వెనుకకాళ్ళు చచ్చుపడి, పాదములు చల్లనై రంగు మాఱినచో రక్తపుగడ్డ అడ్డుపడినది, క్షణము ఆలసింపరాదు. ఇక మగపిల్లి నడుము వంచి ఇసుకలో మాటిమాటికి కూర్చుండి ముక్కుచున్నచో అది నడుమునొప్పి కాకపోవచ్చును, మూత్రము బిగిసి యుండవచ్చును. రెండుమూడు దినములలో ప్రాణము తీయు జబ్బిది. మలబద్ధకమని ఆముదము పోసి పోగొట్టుకొన్నవారిని ఎఱుగుదుము.

మఱియొక జాగ్రత్త. కాళ్ళు తూలుటతోపాటు గొంతు మాఱి, చొంగ కార్చుచు, కారణములేక మీద పడి కఱచుచున్నచో వెఱ్ఱి యని అనుమానింపవలెను. పిల్లలను దూరముగా నుంచి, ఉత్తచేతులతో ముట్టక, వైద్యునికి తెలుపుడు. కఱచినను, గీరినను వెంటనే సబ్బుతో పాఱు నీటిక్రింద పదునైదు నిమిషములు కడిగి, ఆ దినమే ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను.

దెబ్బతిన్న కూనను చంకనెత్తుకొని పరుగిడరాదు. వెన్నెముక విఱిగియున్నచో ఆ కుదుపునకే లోని నరము తెగును. చేటగాని, పలకగాని ప్రక్కన పెట్టి, నడుము వంగకుండ నెమ్మదిగా దానిపైకి జరిపి, తువ్వాలు కప్పి తీసికొనిపోవలెను. నొప్పిలోనున్న పిల్లి యజమానినైనను కఱచును, దానిని తప్పుపట్టరాదు. కాళ్ళు లాగుట, తోముట, వెదురుబద్దలు బిగించి కట్టుట వలదు. బిగిసిన కట్టుక్రింద పాదము కుళ్ళినదానిని చూచినాము. గన్నవరమునందు పశువైద్య కళాశాల కలదు. దగ్గఱి వైద్యశాలలో ఎక్స్‌రే లేనిచో అక్కడికి పోవచ్చును.

మనుష్యుల నొప్పిమాత్రలు ఎట్టివియు ఇయ్యరాదు. జ్వరమునకు మనము మ్రింగు పారాసిటమాలు మాత్ర ఒక్కటే పిల్లిని చంపును. దాని కాలేయమునకు ఆ మందును విఱిచివేయు శక్తి లేదు. రక్తము గోధుమవన్నెకు తిరిగి ఊపిరాడక చచ్చును. ఆస్పిరినును అట్టిదే. కర్పూరతైలము, నీలగిరి తైలము పూయుట, పుండును ఫినాయిలుతో కడుగుట కూడదు. అది ఒడలు నాకుకొను జంతువు, పైన పూసినదంతయు లోనికి పోవును.

మన గిడ్డంగి కూనకు వైద్యుడు విధించిన చికిత్సలో మందుకంటె విశ్రాంతియే ఎక్కువ. కోళ్ళగంప క్రింద గోనెపట్టా మడిచి పఱచి, ఒక ప్రక్క పల్లపు మూకుడులో ఇసుక, ఒక ప్రక్క నీరు పెట్టి ఆఱు వారములు ఉంచిరి. ఎక్కుటకు, దుముకుటకు తావు లేకుండుటకే గంప. మొదట అది లేవలేనందున మూడు నాలుగు గంటల కొకసారి ప్రక్క మార్చి, తడిసిన బొచ్చును గోరువెచ్చని నీటితో తుడిచి ఆఱబెట్టవలసి వచ్చెను. మూత్రము దానంతట రాకున్న దినములలో పొత్తికడుపును నెమ్మదిగా నొక్కి తీయుట వైద్యుడు చేసి చూపి ఆమెకు నేర్పెను. చూడక చేయదగిన పని కాదు. కాల్షియము మందు ఆయన చెప్పిన మోతాదున ఇచ్చిరి. ఎక్కువైనను కీడే.

కార్జము మాన్పించిరి; నెలల తరబడి దినదినము పెట్టినచో ఎదిగిన పిల్లికి మెడ ఎముకలు అతుకుకొని బిగిసిపోవును గూడ. దానికి బదులు కాలువలో దొరకు చిన్న పరిగెలను ముల్లు మెత్తబడునట్లు ఉడికించి నలిపి, కొంచెము అన్నము కలిపి పెట్టిరి. పచ్చిచేప దినమును పెట్టరాదు; దానిలోని యొక పదార్థము ఒక జీవసత్త్వమును చెఱచి మెడ వ్రాలునట్లు చేయును. ఎండుచేపలను ఉప్పుపోవునట్లు నానబెట్టవలెను. ఎముకలేని మాంసమే పెట్టవలసివచ్చినచో అరకిలోకు అరచెంచా మెత్తని గ్రుడ్డుపెంకు పొడి కలుపుట మంచిది. పెద్ద చేపల ముండ్లు, ఉడికిన కోడి ఎముకలు గొంతున గ్రుచ్చుకొనును, వేయవలదు. పాలు విరేచనములు కానంతవఱకు కొంచెముగా పోయవచ్చును.

రెండవ వారమున అఱపు తగ్గెను. నాలుగవ వారమున లేచి నిలిచెను. ఆఱు వారముల పిమ్మట గంప తీసినపుడు అది ముందుగా చేసిన పని, సంఘ గుమాస్తాగారి బల్లక్రిందికి పోయి వీపు నాకుకొనుట. కటి యెముకలు మాత్రము ఇఱుకుగానే అతికినవి. అందువలన దానికి మలబద్ధకము మిగిలినది. తిండిలో నీరు ఎక్కువ పోసి, ఉడికిన గుమ్మడి కొంచెము కలుపుచున్నారు. ఆడుపిల్లికి ఇట్లయినచో ఈతలో ప్రాణాపాయము. దానికి పిల్లలు పుట్టకుండ శస్త్రము చేయించుట మేలని వైద్యుడు చెప్పెను.

ఇప్పుడది కొంచెము వంకరగా నడచుచున్నది. బస్తాల పైవరుసకు ఎక్కలేదు గనుక పై ఎలుకలకు వేఱుగా బోను పెట్టిరి. పిల్లి తిరుగుచోట విషపు ఎర పెట్టవలదని చెప్పితిమి. మందు తిన్న ఎలుకను తిని అదియు చచ్చును. నేలమీది ఎలుకల పని అది చూచుకొనుచున్నది. మొన్న మేము పోయినపుడు కావలివాని భార్య పొయ్యిమీద పరిగెలు ఉడికించుచు, "ఈసారి ఏం పెట్టమంటారండి?" అని నవ్వుచు అడిగెను. వైద్యుడు చెప్పినదే పెట్టుమని చెప్పి వచ్చితిమి.