పనిచేయని గ్రాహకంతో పిండ పరిశోధన

ప్రశ్న: జన్యువును తొలగించకుండానే, పిండంలో ఒక సంకేతం పనేమిటో 'డామినెంట్ నెగటివ్' ప్రోటీన్‌తో ఎలా తెలుసుకుంటారు?

జవాబు: ఎఫ్‌జీఎఫ్ (ఫైబ్రోబ్లాస్ట్ గ్రోత్ ఫ్యాక్టర్) అనే సంకేత ప్రోటీన్‌ను అందుకునే గ్రాహకాలు జతకట్టి, లోపలి కైనేజ్ భాగాలతో ఒకదాన్నొకటి ఉత్తేజపరచుకుంటేనే సందేశం కణంలోకి చేరుతుంది. కైనేజ్ భాగాన్ని కత్తిరించిన గ్రాహకమూ మామూలు గ్రాహకంతో జతకడుతుంది, కానీ పని సాగదు; ఇదే 'డామినెంట్ నెగటివ్' ప్రోటీన్. జోడెడ్లలో ఒకటి మొరాయిస్తే బండి కదలదు కదా! 1991లో అమాయా, ముస్కీ, కిర్ష్‌నర్ అనే శాస్త్రవేత్తలు ఇలాంటి గ్రాహకపు ఆర్‌ఎన్‌ఏను జెనోపస్ కప్ప పిండాల్లోకి ఎక్కించారు. తల దాదాపు మామూలుగానే ఏర్పడింది. మొండెం, తోక భాగాలు దెబ్బతిన్నాయి. మామూలు గ్రాహకపు ఆర్‌ఎన్‌ఏను కూడా కలిపి ఇస్తే లోపం సరైపోయింది. లోపానికి కారణం గ్రాహకం పని ఆగడమేనని తేల్చడానికి ఇలా సరిచూడటం తప్పనిసరి. అయితే కత్తిరించిన గ్రాహకం తన కుటుంబంలోని ఇతర గ్రాహకాలనూ అడ్డుకోగలదు. అందుకే ఫలితాన్ని ఒకే జన్యువుకు ఆపాదించకూడదు.