మోచేయి విరిగితే వేళ్ళను చూడండి

జామచెట్టు మీద నుండో అరుగు మీద నుండో పడిన పిల్లలు చేయి నేలకు ఆనించి పడతారు. అప్పుడు మోచేయి దగ్గర ఎక్కువగా విరిగేది దానికి కాస్త పైనున్న ఎముక. 5 నుండి 7 ఏళ్ళ పిల్లల్లో ఇది మరీ ఎక్కువ. ఇంటిల్లిపాదీ ఎముక గురించే కంగారుపడతారు. ఎముక అతుక్కుంటుంది. వార్డులో మేము మొదట చూసేది మాత్రం వేళ్ళను.

ఎందుకంటే మోచేతి మడతలో, చేతికి రక్తం తీసుకుపోయే పెద్ద ధమని పక్కనే మీడియన్ నరం దిగుతుంది. అక్కడి నుండి ముంజేతి కండరాల మధ్యగా అరచేతిలోకి పోతుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలిలో సగం, వీటికి అరచేతి వైపు స్పర్శ ఇచ్చేది ఇదే. వేళ్ళను ముడిచే కండరాల్లో ఎక్కువ భాగాన్ని నడిపేదీ ఇదే. విరిగిన ఎముక మొన ముందుకు పొడుచుకు వస్తే నరమూ, ధమనీ రెండూ నలగవచ్చు.

చిన్నపిల్లలను "స్పర్శ తెలుస్తోందా?" అని అడిగితే ఏడుపే సమాధానం. అందుకే ఆటలా అడగాలి. ముందు గుప్పిట మూయమనండి. చూపుడువేలు, మధ్యవేలు ముడుచుకోకుండా నిలబడిపోతే మీడియన్ నరాన్ని అనుమానించాలి. పాత చిత్రపటాల్లో దీవించే చేయిలా కనిపిస్తుంది కనుక వైద్యులు దీనిని ఆశీర్వాద హస్తం అంటారు. తరువాత బొటనవేలి కొనను, చూపుడువేలి కొనను కలిపి సున్నా చుట్టమనండి. గుండ్రంగా రాక రెండు వేళ్ళూ చదునుగా ఆనుకుంటే ఆ నరంలోని లోతైన కొమ్మ దెబ్బతిని ఉండవచ్చు. ఆ కొమ్మకు చర్మ స్పర్శతో పని లేదు, కాబట్టి తిమ్మిరి ఉండదు. చేయించి చూడకపోతే బయటపడదు. చాలామంది పిల్లల్లో ఇది కొద్ది నెలల్లో దానంతటదే బాగవుతుంది.

బాగుకానిది బిగుతు కట్టు వల్ల వచ్చే నష్టం. వెదురు బద్దల నాటుకట్టు గానివ్వండి, ఆసుపత్రి పిండికట్టు గానివ్వండి, లోపల వాపు పెరుగుతుంటే కట్టు సాగదు. ఒత్తిడికి రక్తం అందక కండరాలు, వాటి మధ్యనున్న మీడియన్ నరం దెబ్బతింటాయి. సుమారు 6 గంటలు దాటితే కండరం మళ్ళీ కోలుకోకపోవచ్చు. వేళ్ళు కొంకర్లు తిరిగిపోతాయి. జర్మనీ వైద్యుడు ఫోక్‌మన్ దీనిని 1881లోనే వివరించాడు. కట్టు కట్టాక నొప్పి తగ్గాలి. తగ్గక పెరుగుతుంటే, వేళ్ళను మెల్లగా చాపినా పిల్లవాడు కేకలు పెడుతుంటే, వేళ్ళు పాలిపోయినా, చల్లబడినా, మొద్దుబారినా తెల్లవారేదాకా ఆగవద్దు. నాడి ఆడుతోంది కదా అని ధైర్యపడవద్దు, నాడి ఆడుతుండగానే ఈ నష్టం జరగవచ్చు. రాత్రి అయినా వెంటనే రండి. కట్టు విప్పినందుకు ఏ డాక్టరూ మిమ్మల్ని కోప్పడరు.

పడిన వెంటనే చేయి లాగవద్దు, తోమవద్దు, నూనె రాయవద్దు. గాజులు, ఉంగరం, మణికట్టు దారం తీసేయండి. చేయి ఎలా ఉందో అలాగే అట్టముక్క మీద ఆనించి, వదులుగా గుడ్డ చుట్టి తీసుకురండి. మత్తు ఇవ్వవలసి రావచ్చు కనుక ఏమీ తినిపించవద్దు, తాగించవద్దు.

పెద్దవాళ్ళలో ఇదే నరం దెబ్బ లేకుండానే నలగవచ్చు. రోజంతా తడిబట్టలు పిండేవారికి, స్క్రూడ్రైవరు తిప్పేవారికి ముంజేతి పైభాగంలో నొప్పి, మొదటి మూడు వేళ్ళలో తిమ్మిరి వస్తాయి. మణికట్టు దగ్గర నరం నలిగితే రాత్రి నిద్రలో తిమ్మిరితో మెలకువ వస్తుంది. ఇందులో సాధారణంగా అలా ఉండదు, పని చేస్తున్నప్పుడే బాధ. ఎక్కువమందికి ఆ పనికి కొంతకాలం విశ్రాంతి ఇస్తే సరిపోతుంది.

ఇంకొక్క మాట. మోచేతి మడతలో రక్తం తీసేటప్పుడు వేళ్ళలోకి కరెంటు షాకులా జివ్వుమంటే ఓర్చుకోకుండా సిస్టరుతో చెప్పండి, సూది వెంటనే తీసేస్తుంది.