భుజకీర్తి, కేయూరము: స్థానభేద విచారము

'ఎపాలెట్' అను పరభాషాపదమునకు తెలుగున 'భుజకీర్తి' అను మాటను వాడుట కలదు. సైనికుల, రక్షకభటుల ఉడుపులపై గల హోదాచిహ్నములన్నిటికిని ఈ యొక్క మాటయే చాలునా అనునది విచార్యము.

అమరకోశమున మనుష్యవర్గమునందు కేయూరము, అంగదము పర్యాయములుగా చెప్పబడినవి. ఇవి మోచేతికి పైభాగమున ధరించునవి. తెలుగున దండకడియము ఇట్టిదే. సంస్కృతమున భుజమనగా బాహువు. మూపునకు స్కంధము, అంసము, భుజశిరస్సు అను వేరు పదములు కలవు. తెలుగు వాడుకలోనో, భుజమనగా సాధారణముగా మూపే. కావుననే భుజకీర్తి మూపుపై నిలుచు ఆభరణమైనది. ఈ అర్థపరిణామమును గమనింపక, సంస్కృతార్థమునే పట్టుకొని భుజకీర్తిని కేయూరమని బోధించినచో విద్యార్థి ఆభరణమును మూపునుండి చేతికి జార్చుకొనును.

ఆభరణము హోదాను తెలుపుట క్రొత్త కాదు. తెలంగాణమున చిందు యక్షగానమునందు రాజపాత్ర ప్రవేశించినంతనే కిరీటమును భుజకీర్తులును దాని స్థాయిని చెప్పును. పాత్ర నోరు విప్పనక్కరలేదు. ఫ్రెంచి భాషలో 'ఎపోల్' అనగా మూపే. దానినుండి పుట్టిన ఎపాలెట్‌కు భుజకీర్తి ఇంతగా సరిపోవుట గమనింపదగినది.

ఇక ఉడుపుల సంగతి. మల్కాజ్‌గిరికి చేరువనున్న సికింద్రాబాదు దండుప్రదేశమున ఈ భేదము కంటికే కనబడును. నాయకునకు రెండు, హవల్దారునకు మూడు కోణాకార పట్టీలు చొక్కాచేతిపై ఉండును. ఇది కేయూరస్థానము. లెఫ్టినెంటునకు రెండు, కెప్టెనునకు మూడు నక్షత్రములు మూపుపై నిలుచును. మేజరునకు నక్షత్రములకు మారుగా సారనాథ సింహశీర్షము. 1950లో గణతంత్రము ఏర్పడినపుడు ఆంగ్లప్రభువుల కిరీటమును తొలగించి దీనిని నిలిపిరి. తార్నాక వీథులలో కానవచ్చు రక్షకభటశాఖాధికారుల విషయమున మరొక సూక్ష్మము కలదు. ఇన్‌స్పెక్టరునకును డి.ఎస్.పి.కిని నక్షత్రములు మూడే. మూపుపట్టీ అంచున ఎరుపు, నీలము గల చీలిక ఇన్‌స్పెక్టరునకు మాత్రమే ఉండును. నక్షత్రములను మాత్రమే లెక్కించువాడు ఇరువురిని ఒక్క హోదావారినిగా తలచును.

కావున మూపుపై గల చిహ్నములకే భుజకీర్తి శబ్దమును నిలుపుట యుక్తము. చేతిపట్టీలను 'కేయూరచిహ్నము'లనుట శాస్త్రసమ్మతమే. అయినను ఆ మాట పండితులకు నచ్చినంతగా హవల్దారునకు నచ్చదు. 'దండపట్టీలు' అనిన అతనికిని తెలియును.